బస్సులో మోయగలిగిన గిటారు

మా కండక్టరు మాస్టారు పోయారన్న కబురు నాకు చెరువు గట్టు మీద అందింది. కైకలూరు అవతల ఒక చేపల చెరువులో ఏరియేటరు ఆగిపోయింది. నీళ్లు చిలికి చేపలకి గాలి అందించే మోటారు అది. దాన్ని విప్పి కూర్చున్నాను. చేతుల నిండా గ్రీజు. ఫోను మోచేత్తో నొక్కాను. “మాస్టారు ప్రభువునందు నిద్రించారు” అన్నాడు మా చర్చి పాటల బృందం, అదే క్వయర్‌లో తబలా వాయించేవాడు. నిద్రించారట. నాకు ఒళ్లు మండింది. పోయారని చెప్పలేవా అని కసిరి పెట్టేశాను. మోటారు బిగించి, అది మళ్లీ నీళ్లు చిమ్మడం మొదలెట్టాకే గట్టు మీద కూలబడ్డాను.

ఆయన నాకు బంధువు కాదు. తాడేపల్లిగూడెంలో మా చర్చిలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవారు. ఉద్యోగం బస్సు కండక్టరు. అందుకని అందరికీ కండక్టరు మాస్టారు. నాకు పాఠాలేమీ చెప్పలేదు. నేను ఫోనులో చూసి నేర్చుకున్నవాణ్ణి, ఆ సంగతి ఎవరికైనా గట్టిగానే చెప్తాను. ఆయన నేర్పింది వేరు. ఊళ్లు పట్టుకు తిరిగే పనిలో ఉన్నవాడు తన చేతిలో ఉన్న విద్యని చచ్చిపోకుండా ఎలా మోసుకెళ్లాలో నేర్పారు.

ఏలూరులో ఏరియేటర్లు బాగుచేసే షెడ్డులో చేరాక నా బతుకంతా గట్ల మీదే అయింది. ఇవాళ ఉండి, రేపు గుండుగొలను, ఎల్లుండి కొల్లేటి లంకలు. పడక రేకుల గదిలో, నలుగురితో కలిసి. గిటారు తీస్తే “ఆ గోల ఆపరా బాబూ” అంటారు. వాళ్లదీ తప్పు కాదు, పొద్దల్లా ఎండలో చచ్చి వచ్చినవాళ్లు. ఒక చెరువు ఆసామి మాత్రం “మోటార్లు బిగించేవాడికి గిటారేంట్రా” అని నలుగురి ముందూ నవ్వాడు. కొల్లేటిని తవ్వుకు తింటున్నవాడు నాకు ఏది తగునో చెప్తాడా? ఆ కోపంతోనైనా వాయించాల్సింది. వాయించలేదు. మానేశాను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారు నా ఎడం చెయ్యి పట్టుకుని వేలి కొసలు నొక్కి చూశారు.

“మెత్తబడ్డాయే. పెళ్లికొడుకు వేళ్లలా ఉన్నాయి.”

“గదిలో వాయించనివ్వట్లేదండి.”

“గట్టిగా వాయిస్తే ఎవరు మాత్రం పడతారయ్యా? వినబడకుండా వాయించు.”

దానికి కావాల్సిన సరంజామా ఫోనులో చూపించాను. గిటారు శబ్దాన్ని చెవుల్లోకి పంపే చిన్న యాంపు, కాలితో తొక్కి శబ్దం తీరు మార్చే పెడళ్లు, చెవుల్ని పూర్తిగా మూసేసే పెద్ద హెడ్‌ఫోన్లు. ఆయన అన్నీ ఓపిగ్గా చూశారు.

“ఇవన్నీ కావాలా?”

“కావాలండి.”

“అయితే ఓ పని చెయ్యి. నీ గిటారూ, మన క్వయర్ చిన్న యాంపూ, పెడళ్ల బదులు రెండు ఇటికలూ సంచిలో వేసుకుని రేపు పొద్దున్న నా బస్సెక్కు. ఏలూరు దాకా నిలబడు. సీటు ఖాళీ అయినా కూర్చోకు.”

ఎక్కాను. ఆయన రిటైరవడానికి కొంచెం ముందు సంగతిది. ఊరు దాటకముందే వెనకాయన, “ఏవండీ, ఆ బడితె కాస్త అటు తిప్పండి, కన్ను పోయేట్టుంది” అన్నాడు. భీమడోలు వచ్చేసరికి సంచి తాడు భుజంలోకి దిగింది. మాస్టారు టికెట్లు కొడుతూ నన్ను దాటుకుని వెళ్తున్నారు, వస్తున్నారు, తెలియనివాడిలాగే చూస్తున్నారు. ఏలూరులో దిగాక అడిగారు.

“దారిలో ఏది విసిరేయాలనిపించింది?”

“ముందు యాంపండి. తర్వాత ఇటికలు.”

“తర్వాత?”

“గిటారు తలండి.”

ఆయన అంతలా నవ్వడం నేను మళ్లీ చూడలేదు. “కళ్లు అన్నీ కొనమంటాయి. భుజాన్ని అడిగి కొనుక్కో” అన్నారు.

తీగలు మేళవించే మరల్ని కింది వైపుకి మార్చి, అసలు తలే లేకుండా చేసిన గిటార్లు ఉన్నాయని అప్పుడే తెలిసింది. కొని తెస్తే తబలావాడు “కోడిని కోయించుకుని వచ్చినట్టుంది” అన్నాడు. మాస్టారు మాత్రం దాని మెడని జానలతో కొలిచారు. “తల లేకపోతే పోయింది, మెడ పొట్టిది కాకూడదు. పొట్టి దాని మీద సాధన చేస్తే ఆదివారం పెద్ద గిటారు పట్టుకున్నప్పుడు వేళ్లు దారి తప్పుతాయి” అన్నారు.

యాంపు బదులు గిటారుకి వైరు పెట్టే కన్నంలో నేరుగా గుచ్చుకునే అగ్గిపెట్టెంత పరికరం తీసుకున్నాను. ఫోను చార్జరే దానికీ సరిపోతుంది. వైరు లేని ఇయర్‌ఫోన్లు మోజుపడి తగిలించాను. తీగ మీటాక శబ్దం తీరిగ్గా వచ్చింది. తాళం తప్పుతున్నది నేనో అదో తెలియలేదు. ఆయన ఒక చెవిలో పెట్టుకుని విని, “నా బస్సు కన్నా లేటు” అని తీసి ఇచ్చేశారు. వైరున్నవే కొన్నాను. అదీ ఒక చెవికే పెట్టుకోమన్నారు. “రెండు చెవులూ మూసుకున్న కండక్టరు జనాన్ని స్టేజీలు దాటించేస్తాడు. నీకేమో అవతల మోటారు ఆగితే వినబడాలి.”

ఆయన కాలంలో ఇవేవీ లేవు. కొల్లేటి పల్లెల్లో బస్సు చివరి స్టేజీలో టైము కోసం ఆగినప్పుడు, డ్రైవరు గారు సీటులోనే కునుకు తీస్తే, ఈయన వెనక సీటులో గిటారు అంచుకి దవడ ఆనించి వాయించుకునేవారట. ఎముక గుండా ప్రతి స్వరం లోపలికి వినబడుతుంది. పక్కవాడికి మాత్రం చీమ నడిచినంత. ఒకసారి చేసి చూపించారు. కళ్లు మూసుకుని, గిటారుకి చెంప ఇచ్చి, పంటినొప్పి మనిషిలా ఉన్నారు.

ఇప్పుడు ఆయన ఆదరణ కూడిక సంగతి. మా వాళ్లలో మనిషి పోయాక ఇంటివాళ్లని ఓదార్చడానికి జరిపే ప్రార్థన అది. కీబోర్డులో ముందే రికార్డు చేసిన ట్రాకు వేసి పాడదామని సంఘ పెద్దలు అనుకున్నారు. నేను ఫోనులోనే అరిచాను. “ఆయన కూడికకి మిషను వాయిస్తుందా?”

అవతల పెద్దాయన గొంతు పెంచలేదు. “కోపం కాదయ్యా. నువ్వు చెరువుల మీద ఉంటావు, సాధన ఎలా ఉందో మాకు తెలీదు. మధ్యలో తడబడ్డావనుకో, అమ్మగారు ఇంకా కుంగిపోతారు.”

అమ్మగారంటే మాస్టారి భార్య. “ఒక్క పాట ఇవ్వండి. తడబడితే ట్రాకే వేసుకోండి” అన్నాను.

మిగిలిన రోజులన్నీ పని అయ్యాక గట్టు మీద వాయించాను. కూడిక రోజున బస్సులోనూ వాయించాను, సీటు దొరికింది. పక్కన చేపల గంప కాళ్ల దగ్గర పెట్టుకున్న ఆవిడ చాలాసేపు నా వేళ్లనే చూసింది.

“ఏవండీ, చప్పుడేదీ రాట్లేదు?”

“నాకు వస్తందండి.”

“మీకొక్కరికేనా? మరి మాకెప్పుడు?”

“ఇయ్యాలేనండి, గూడెంలో” అన్నాను. “అయితే బాగా వాయించండి, బాబూ” అని గంప సర్దుకుంది.

ఇంటి ముందు షామియానా వేశారు. జనం నిండారు. కీబోర్డు అబ్బాయి ట్రాకు సిద్ధంగా పెట్టుకుని పెద్దాయన వైపు చూస్తున్నాడు.  అమ్మగారే పాట ఎత్తుకున్నారు. నేను అందుకున్నాను. మొదటి చరణం సాగింది. రెండోదీ సాగింది. నా వేళ్లు దారి తప్పలేదు.

మూడో చరణం సగంలో ఆవిడ గొంతు ఆగిపోయింది. వెనక పాడుతున్నవాళ్లూ ఆగారు. ట్రాకు వెయ్యమన్నట్టు పెద్దాయన చెయ్యి సగం పైకి లేచింది. నేను ఆపలేదు. ముందుకీ వెళ్లలేదు. ఆవిడ ఎక్కడ ఆగారో అక్కడే, ఆ మాట కింది రెండు గిటారు కార్డులనే, మెల్లగా తిప్పి తిప్పి వాయిస్తూ నిలబడ్డాను. పైన ఫ్యాను తిరుగుతోంది.  అమ్మగారు పమిట చెంగుతో ముఖం తుడుచుకుని, నా చేతివైపు ఒకసారి చూసి, వదిలేసిన మాట దగ్గరే మళ్లీ పాట అందుకున్నారు.