మిట్ట దగ్గర దిగిన అమ్మ

మా వీధి మలుపులో ఇస్త్రీ బండి మీద బొగ్గులు రాజుకునే వేళకు నేను కిటికీ మూసేస్తాను. నాకు పొగ పడదని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. పడకపోవడం కాదు, భయం. తొంభైకి దగ్గరపడిన మనిషికి బొగ్గు వాసనంటే భయమేమిటని నవ్వితే నవ్వనీ.

యుద్ధం రోజుల్లో దేవనహళ్ళి నుంచి బెంగుళూరుకు సన్నపట్టాల చిన్న రైలుండేది. చకోతలు, అంటే పంపరపనసలు, పండే కాలంలో అమ్మమ్మ ఇంటి నుంచి తిరిగొస్తుంటే రైలుపెట్టెనిండా ఆ పండ్ల తొక్కల ఘాటు, వేయించిన చెనిక్కాయల వాసన, ఎవరి ఒడిలోనో కోడిపెట్ట గొణుగుడు, బెంచీల మధ్య పిల్లల అచ్చనగాయలాట. బొగ్గు కరువై ఇంజనుకు కట్టెలేసేవాళ్ళు. పాపం, ఎలహంక ముందరి మిట్ట ఎక్కడానికి దానికి ప్రాణాలు తోకకొచ్చేవి. జనం దిగి, పక్కనే కబుర్లాడుకుంటూ నడిచి, మిట్ట దాటాక మళ్ళీ ఎక్కేవాళ్ళు.

నాకప్పుడు ఏడేళ్ళు. ఎండకు చంటి తమ్ముడు గుక్కపట్టి ఏడుస్తుంటే అమ్మ వాణ్ణి నా ఒళ్ళో పెట్టి, చెంబు తీసుకుని, మిట్ట మొదట్లో రైలు నెమ్మదించగానే అందరికంటే ముందు పక్కనున్న బావికని దిగింది. అంతకుముందూ ఎన్నోసార్లు దిగింది. కానీ ఆ రోజు ఇంజనుకు ఎక్కడి నుంచో అసలైన బొగ్గు దొరికిందట. మిట్టను లెక్కచేయకుండా ఎక్కేసి, అవతలి పల్లంలోకి పరుగందుకుంది. అమ్మ చెంబు పారేసి వెనకాలే పరిగెత్తుతూ చిన్నదైపోతోంది.

తమ్ముణ్ణి చంకనేసుకుని తలుపు దగ్గరికెళ్ళి మెట్టు మీద కాలు పెట్టాను. దూకితే అమ్మ దగ్గరికి వెళ్ళిపోవచ్చనే తప్ప ఇంకో ఆలోచన లేదు. అంతలో నల్లటి పొగ మమ్మల్ని కమ్మేసింది. చకోతల గంపతో కూర్చున్న ముసలాయన నా జడ దొరకబుచ్చుకుని వెనక్కి లాగాడు.

"దూకితే ఇద్దురూ పోతారు పాపా! కూచో. మీయమ్మ యాడికీ పోదు, పట్టాలెంబడే వస్తాది."

ఎలహంకలో ఆయన గార్డుతో పోట్లాడి అమ్మ వచ్చేదాకా రైలు కదలకుండా ఆపించాడు. తమ్ముడు ఏడుపు మానేసి నిద్రపోయాడు. వాడు ఊపిరి తీస్తున్నాడా లేదా అని మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. అమ్మ ఇక రాదని, వీణ్ణి నేనే పెంచాలని అనుకున్నాను.

చాలాసేపటికి అమ్మ వచ్చింది. పాదాలు చిట్లి నెత్తురోడుతున్నా, తల వంచుకుని పట్టాల పక్కకే చూస్తూ నడుస్తోంది. "అమ్మా" అని అరిచినా తలెత్తలేదు. రెండోసారి అరిచాక చూసి, ఉన్నచోటే కూలబడింది.

ఎందుకు తలెత్తలేదని నా పెళ్ళయ్యాక గానీ అడగలేకపోయాను.

"నువ్వు మెట్టు మీద కాలు పెట్టింది సూసినా. ఆపైన అంతా పొగే. యాడ పడుండారో అని కంకర్లో ఎతుక్కుంటా వచ్చినా" అంది అమ్మ.

ఇప్పుడా దారిలో పెద్ద పట్టాలు, పెద్ద రైలు. దిగి నడిచేవాళ్ళు లేరు, దిగినవాళ్ళ కోసం ఆగే గార్డూ లేడు. అమ్మా లేదు. మొన్న మనవరాలితో అటు వెళ్ళాను. తోటలు పోయి లేచిన మేడలను అది "చూడవ్వా, చూడు" అని చూపిస్తోంది. నేను తలెత్తలేకపోయాను. ఎలహంక వచ్చేదాకా పట్టాల పక్క కంకరనే చూస్తూ కూర్చున్నాను.