సగం లేచిన షట్టర్

"పాపం, పెద్దావిడ" అన్న మాట వినబడితే చాలు, దర్జీ అత్తయ్యకు ఒళ్ళు మండిపోయేది. మిషన్ తొక్కి ముగ్గురు పిల్లల్ని ఒక ఇంటివాళ్ళను చేసిన మనిషి మరి. కుట్టుకొట్టుకి ఉన్న ఇనుప షట్టర్‌ను మాత్రం భర్తే ఎత్తేవాడు. ఆయన పోయాక పక్కనున్న మందులషాపాయన రోజూ పరుగెత్తుకొచ్చి, "మీరుండండి అత్తయ్యగారూ" అంటూ ఎత్తేవాడు. మంచివాడే. ఆ మంచితనంలోనే ఆవిడ చేతులు వడలిన తోటకూర కాడల్లా అయిపోయాయి.

మందులషాపాయన ఊరెళ్ళిన రోజున అత్తయ్య షట్టర్‌ను జానెడైనా లేపలేకపోయింది. బట్టల కోసం వచ్చినవాళ్ళు బయటే నిలబడిపోయారు. సంగతి కొడుకు చెవిన పడింది.

"ఇంక చాల్లేమ్మా. కొట్టు అద్దెకిచ్చేద్దాం. హాయిగా ఇంటిపట్టున కూర్చో."

"మూల కూర్చోబెట్టడానికి నేనేమన్నా పాత బీరువానా?"

"షట్టర్ లేవట్లేదు కదమ్మా!"

"లేపుతాను. మూణ్ణెల్లు ఆగు."

వీధి చివరి హాల్లో పెద్దవాళ్ళకు కండబలం పెంచే క్లాసు నడుస్తోందని విని, తోడికోడల్ని వెంటేసుకుని వెళ్ళింది. కోచ్ పిల్ల అందరి చేతుల్లో రంగుబంతులు పెట్టి, "నొక్కండి అమ్మమ్మలూ! ఏవీ, చప్పట్లు!" అంది.

అత్తయ్య బంతిని బల్లమీద పెట్టేసింది. "మేం పళ్ళు రాని పిల్లలం కాదమ్మా, పళ్ళు ఊడినవాళ్ళం. బరువులేవీ?"

"మీ వయసుకి ఇవి..."

"నాకు వయసొచ్చిందని నా షట్టర్ బరువు తగ్గిందా?"

కోచ్ పిల్ల లోపల్నుంచి ఇనుప డంబెల్స్ తెచ్చింది. మోకాళ్ళు వంచి, కాళ్ళ బలంతో లేవడం నేర్పింది. తీరా చూస్తే, అత్తయ్య చెయ్యి చాపేలోపే తోడికోడలు డంబెల్ అందుకునేది. "నువ్వుండక్కా, నడుం పట్టేస్తుంది!" వెనక వరసలోని రిటైరైన మేష్టారు తన బరువు కింద పెట్టి మరీ ఆడవాళ్ళ బరువులు మోసేవాడు.

కోచ్ పిల్ల తల పట్టుకుంది. "మర్యాదలు చెప్పులతోపాటు బయటే విడిచి రండి! ఎవరి బరువు వాళ్ళే ఎత్తాలి!"

ఆ మాటతో అత్తయ్యకు ఎక్కడలేని కోపం వచ్చింది. కోచ్ పిల్ల మీద కాదు. ప్రేమ పేరుతో తన చేతిలోని సంచీ, బిందె, బుట్ట ఒక్కొక్కటే లాక్కున్నవాళ్ళందరి మీదా. పోయినాయన మీద కూడా. "నీకెందుకే" అంటూ ఒక్కనాడూ షట్టర్ తాకనివ్వలేదు. తాకనివ్వకుండానే వెళ్ళిపోయాడు. కొంగుతో కళ్ళు తుడుచుకుని డంబెల్ ఎత్తింది. మర్నాడూ వెళ్ళింది. ఆ తర్వాతా మానలేదు.

గడువు నాటికి కొడుకు, అద్దెకొచ్చే మనిషిని వెంటబెట్టుకుని దిగాడు. మందులషాపాయన అలవాటుకొద్దీ చెయ్యి వెయ్యబోయాడు.

"ముట్టుకున్నావంటే ఊరుకోను నాయనా!"

అత్తయ్య తాళం తీసి, మోకాళ్ళు వంచి, పిడి పట్టి లేచింది. షట్టర్ గరగరమంటూ నడుం దాకా వచ్చి ఆగింది. మళ్ళీ లాగింది. కదల్లేదు.

"చూశావా, సగమే..." అన్నాడు కొడుకు.

అత్తయ్య వంగి లోపలికి దూరింది. లైటు వెలిగింది. మిషన్ చప్పుడు మొదలైంది.

"పనున్నవాళ్ళు నడుం వంచి రండి! ఇంత వయసుదాన్ని నేను వంగాను, మీకేం రోగం?"

అద్దెకొచ్చిన మనిషి మెల్లగా జారుకున్నాడు. బట్టల సంచీతో ఒకావిడ వంగి లోపలికెళ్ళింది. చివరికి కొడుకూ వంగాడు. షట్టర్ అంచు ఠంగుమని తలకు తగిలింది.

"వంగడం కూడా రాదేంరా నీకు?" అంది అత్తయ్య, సూది మీంచి చూపు తిప్పకుండా. "రేపట్నుంచి నాతో క్లాసుకి రా."