కాయల మీద కప్పిన ఫ్లెక్సీ

మా నాన్నకి సిద్ధాంతం ఉంది. షుగర్ కూడా ఉంది. షుగర్‌కి మందు దొరుకుతుంది.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయనది ఒకటే పార్టీ. "పేదవాడి పక్షం రా మనది" అంటాడు. ఒకసారి రెండు పార్టీల మేనిఫెస్టోలూ పక్కపక్కన పెట్టి, పేర్లు చేత్తో మూసి, మనది ఏదో చెప్పమన్నాను. చాలాసేపు చదివి అవతలివాళ్లది చూపించాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మొన్న మా పార్టీ ఓడిపోయింది. కాయలకి ఆ సంగతి తెలియదు. కౌంటింగ్ ముందురోజు కోసిన మామిడి రసాలు ట్రాక్టర్ ట్రక్కు నిండా ఉన్నాయి, ఇంకొక్క రోజు ఆగితే మెత్తబడిపోతాయి. ఏడాది మొత్తానికి మాకు అదే పెద్ద కోత. అందుకని కౌంటింగ్ మర్నాడే ముసునూరు నుంచి నూజివీడు మార్కెట్‌కి బయల్దేరాం. నాన్న ట్రాక్టర్ నడుపుతున్నాడు, నేను మడ్‌గార్డ్ మీద కూర్చున్నాను. సగం దారిలో వెనక్కి చూసి బిగుసుకుపోయాను. కాయల మీద ఎండ పడకుండా నాన్న ప్రచారం ఫ్లెక్సీ కప్పాడు. ట్రక్కు పొడవునా మా నాయకుడు వెల్లకిలా పడుకుని, ఆకాశానికి దండం పెడుతూ నవ్వుతున్నాడు.

"నాన్నా, బొమ్మ పైకి వేశావేంటి?"

"రంగు వైపు కిందకేస్తే కాయకి అంటుద్ది రా."

"ఆపు, తిరగేద్దాం."

"ఓడిపోతే మాత్రం, మనిషిని బోర్లా పడుకోబెడతామా?"

అప్పటికే ఎదురుగా బైకులు వచ్చేశాయి. గెలిచినవాళ్ల ఊరేగింపు. మొహాల నిండా రంగు, చేతుల్లో జెండా కర్రలు. ట్రాక్టర్ చుట్టూ ఆగారు.

"ఏం బాబాయ్, ఇంకా నవ్వుతున్నాడేంటి మీవాడు?"

ఒకడు ట్రక్కు వెనక్కి వెళ్లి డోరు గొళ్లెం పట్టుకున్నాడు. వారం క్రితం మా తోటలో కాయ కోసినవాడే. మా వంక చూడలేదు, గొళ్లెం వంకే చూస్తున్నాడు.

"మా పార్టీకి జై కొట్టి వెళ్లండి. లేకపోతే కాయలు ఇక్కడే దింపుతాం" అన్నాడు ముందు బైకు మీదివాడు.

నాన్న చేతులు స్టీరింగ్ మీద వణుకుతున్నాయి. సిద్ధాంతం ఉన్న చేతులు కూడా వణుకుతాయని నాకు తెలియదు. అయినా నోరు తెరిచాడు. అందులోంచి వచ్చేది జై కాదని నాకు తెలుసు. గొళ్లెం కిర్రుమంది.

నేను లేచి నిలబడి అరిచాను. ఒక్కసారి చాలన్నారు, మూడుసార్లు అరిచాను. మూడోసారి గొంతు కీచుమంది. వాళ్లు పగలబడి నవ్వి, తలా రెండు కాయలు తీసుకుని, గొళ్లెం వేసి వెళ్లిపోయారు.

చాలా దూరం వెళ్లాక నాన్న అన్నాడు. "అంత గట్టిగా అరవాలా?"

"మెల్లగా అంటే నమ్మరు నాన్నా."

ఆయన నవ్వలేదు.

మర్నాడు చెట్ల మీద మిగిలిన కాయలు కోసి ఎక్కించాం. నాన్న ఫ్లెక్సీని రెండు చేతులతో సర్ది, బొమ్మ కిందకి వేసి కప్పాడు.

"రంగు కాయకి అంటుద్దన్నావుగా?"

రోడ్డు వైపు ఒకసారి చూసి, తాడు బిగించాడు.

"అంటనీ" అన్నాడు.