‘బాగుంది’ అంటే ఒప్పుకోని యేసన్న

యేసన్న చేతి వంట తిని ఎవరైనా పొరపాటున ‘బాగుంది’ అన్నారంటే ఆ పూటకు వాళ్ళకు విడుదల లేదు.

“యాడ బాగుండాది?” అని అడిగేవాడు.

“అంతా బాగుండాదన్నా.”

“అంతా బాగుండేది దేవుని రాజ్యంలో. ఇది పెనుకొండ తాలూకా. ఇంగొంచెం తిని, యాడ బాగలేదో చెప్పు.”

తప్పు చెప్పేదాకా వదిలేవాడు కాదు. చెప్పిన తప్పు ఒప్పుకునేవాడూ కాదు. “నీకు నాలిక పనిచేయలేదు, మళ్ళ తిను” అని ఇంకో గరిటె వేసేవాడు.

ఈ చాదస్తం పుట్టుకతో వచ్చింది కాదు. దీని వెనక ఒక అన్యాయం ఉంది. 1951లో యేసన్న ఒక బంగళాలో వంటమనిషి. ఆ ఇంటి దొరసానికి బెంగుళూరు నుంచి రైల్లో ఒక బుట్టెడు ఆపిల్ పండ్లు వచ్చాయి. వాటిని ఉడికించి, గుజ్జు తీసి, సీసాల్లో పోసి, గాలి చొరకుండా మూత వేసి, నీళ్ళ గిన్నెలో మరగబెడితే ‘ఆపిల్ సాసు’ అవుతుందని, ఏడాదిపాటు చెడదని ఆమె ఏదో పుస్తకంలో చూసి చెప్పింది. ఆమె చెప్పినట్టు చేస్తే మూడు సీసాలు పొయ్యి మీదే టపటపా పగిలాయి. యేసన్న తనకు తోచినట్టు గిన్నె అడుగున పాత గోనెపట్టా పరిచి చేస్తే పన్నెండు సీసాలు నిలిచాయి. ఆ పన్నెండూ ఒక పండ్ల ప్రదర్శనకు వెళ్ళాయి. తీర్పరి ఒక చెంచా నోట్లో వేసుకుని ‘బాగుంది’ అన్నాడు. సీసా మీద అంటించిన కాగితంలో దొరసాని పేరు చూసి, వెండి కప్పు దొరసానికి ఇచ్చాడు. దొరసాని కూడా ‘బాగుంది’ అని యేసన్నకు ఒక గొడుగు ఇచ్చింది. ఆ గొడుగుకు చిల్లులున్నాయని తెలియడానికి యేసన్నకు మూడేళ్ళు పట్టింది. అప్పటిదాకా వాన రాలేదు మరి.

ఆనాటి నుంచి యేసన్నకు ఆ మాటంటే ఒళ్ళు మంట.

తర్వాత దొరసాని ఊరు విడిచిపోయింది, ఆపిల్ పండ్లూ పోయాయి. యేసన్న రోడ్డు పక్కన బాటసారులు దిగే ముసాఫిర్ బంగళాలో వంటవాడుగా చేరాడు. విద్య మాత్రం వదల్లేదు. గుట్టల్లో ఎవరికీ పట్టని వెలగచెట్లున్నాయి. ఆ పండ్లు ఏరుకొచ్చి, రాతికి కొట్టి పగలగొట్టి, గుజ్జును నీళ్ళలో ఉడికించి, పాత పంచెలో వడగట్టి, హిందూపురం బెల్లం, చిటికెడు ఉప్పు, కాస్త శొంఠి వేసి గరిటెకు అంటుకునేదాకా కలియబెట్టేవాడు. ఉడుకు ఉడుకుగా సీసాలో పోసి, బిరడా బిగించి, దాని మీద కరిగిన మైనం పోసేవాడు. దాని పేరు మాత్రం ఆపిల్ సాసే.

“వెలగపండు ఆపిల్ ఎట్లయితాదన్నా?” అని ఎవరైనా అడిగితే, “ఇదీ ఆపిలే. మన ఎండలకు తోలు మందమయింది, అంతే” అనేవాడు.

ఇక ఓబుళేసు సంగతి. వాడికి ఇరవై మూడేళ్ళు. ఎస్సెస్సెల్సీ లెక్కల్లో రెండుసార్లు తప్పాడు. లెక్కలు తప్ప లోకంలో తక్కినవన్నీ చదివాడు. శ్రీరంగప్ప అంగట్లో పొట్లం కట్టిన కాగితాలు, పంచాయతీ గ్రంథాలయంలో చెదలు తినగా మిగిలిన నవలలు, గోడల మీద ఎన్నికల పోస్టర్లు, ఏదీ వదల్లేదు. చదివిన కొద్దీ వాడికి ఊరి మీద కోపం పెరిగింది. కూర్చున్నచోట అరగంట కూర్చోలేడు. రోజుకు నాలుగుసార్లు రోడ్డుదాకా వెళ్ళి, బెంగుళూరు వైపు పోయే లారీలను చూసి, తనను ఎక్కించుకోనందుకు వాటిని తిట్టి వచ్చేవాడు. 1965లో వానలు మొహం చాటేశాయి. శనక్కాయ చేలు నిలువునా ఎండాయి. వాడి తల్లి సుంకమ్మకు కూలి దొరకడం మానేసింది. ఊళ్ళో గంజి కేంద్రం పెట్టారు. ఓబుళేసు ఆ వరుసలో నిలబడనన్నాడు, తల్లిని నిలబడనివ్వనూ లేదు. “మనం అడుక్కునే మనుషులం కాదు” అన్నాడు. “నువ్వు చదువుకున్నోనివి నాయనా, నువ్వు చెప్పినట్టే” అంది సుంకమ్మ. చదువు కడుపు నింపదని ఆమెకు తెలుసు గాని, కొడుకు మొహం చూసి ఊరుకుంది.

అట్లా ఒక పొద్దున రోడ్డు మీద లారీలను తిడుతుండగా, బంగళా అరుగు మీది నుంచి యేసన్న కేకేశాడు.

“ఏమప్పా ఓబుళేసూ, వాటికి చెవులు లేవు గాని, ఇట్ల రా. నీ చేతిరాత బాగుంటాదంట కదా?”

“బాగుంటాది.”

“ఆ మాట నాకాడ అనద్దు. రాసి చూపించు.”

విషయం ఏమిటంటే, ఉగాది ముందు తాలూకా ఊళ్ళో మళ్ళీ పండ్ల ప్రదర్శన జరగబోతోంది. డజను సీసాలు మైనం ముద్రలతో తేవాలి. మొదటి బహుమతి వెండి కప్పు, దాని మీద చేసినవాడి పేరు చెక్కిస్తారు.

“ఈసారి నా పేరు చెక్కల్ల. ఎవురూ మాట అనేకి లేకుండా సాసు చేయల్ల. ఊళ్ళో నాలుగిండ్లకు పొయ్యి రుచి చూపించి, వాళ్ళ తీర్పులు పుస్తకంలో ఎక్కించల్ల. రాసేటోడు కావల్ల” అన్నాడు యేసన్న.

“నేను కూలికి పోయేటోన్ని కాదు.”

“కూలెవురిస్తారప్పా? ఇది సాహిత్యం.”

ఆ మాటకు ఓబుళేసు పడిపోయాడు. పద్నాలుగేళ్ళ అన్యాయం సరిదిద్దే పని! పుస్తకం మొదటి పేజీలో ‘తీర్పులు’ అని రాసి కింద రెండు గీతలు గీశాడు. యేసన్న షరతు ఒకటే. రుచి తెలియకుండా తీర్పు రాస్తే అది దొంగ సాక్ష్యం. కాబట్టి రాసేవాడు ముందు తినాలి. ఉత్త సాసు నాలిక మీద నిలవదు కాబట్టి రెండు జొన్నరొట్టెలతో తినాలి. ఆడవాళ్ళ నాలిక వేరు కాబట్టి ఒక సీసా, రెండు రొట్టెలు ఇంటికి తీసుకుపోయి తల్లి తీర్పు కూడా తేవాలి.

“మా అమ్మ బాగుందనింది” అని మర్నాడు ఓబుళేసు చెప్పాడు.

“బాగుందనిందా? సరిగా తినింటే కదా! ఇంగో సీసా తీస్కపో.”

ఇద్దరూ ఊరి మీద పడ్డారు. మొదట తిరుపాలమ్మ ఇల్లు. ఆమె ఒంటరి ముసలిది, ఊళ్ళో ఎవరింటా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. యేసన్న చేతి అన్నమైతే చచ్చినా తినదు. యేసన్న వాకిట్లోనే నిలబడి సీసా అరుగు మీద పెట్టాడు.

“అక్కా, మైనం నువ్వే తియ్యి. తీర్పు చెప్పల్ల.”

తిరుపాలమ్మ సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది. “మందు సీసాకు, సోడాకు అంటు లేదంటారు. దీనికీ మైనముంది కదా?”

“గాలే పోలేదు లోపలికి, ఇంగ నా కులమేం పోతాది?”

ఆమె మైనం గీకి, బిరడా పీకి, వేలితో తీసి నాకింది. ఇంకో వేలు. తర్వాత లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి ఖాళీ సీసాతో వచ్చింది.

“పులుపెక్కువ.”

ఓబుళేసు రాశాడు: ‘తిరుపాలమ్మగారి తీర్పు: పులుపు అధికము. అయినను సీసా అడుగు వరకు పరిశీలించినారు.’

“పులుపెక్కువా? రేపు తగ్గించి తెస్తా. ఆ పొద్దు చెప్పు నీ తీర్పు” అని యేసన్న కోపంగా సీసా లాక్కున్నాడు.

మర్నాడు ఆమెకు తీపెక్కువ. ఆ మర్నాడు శొంఠి ఘాటు. ముసలామె కూడా ఆట నేర్చింది. నెలరోజుల్లో ఆమె చెప్పిన తప్పులతో నాలుగు పేజీలు నిండాయి. ఊళ్ళో మిగతావాళ్ళూ అంతే. ఎవరూ ‘బాగుంది’ అనడం మానేశారు. అంటే యేసన్నతో వాదన, తప్పు పడితే నేరుగా రెండో సీసా అని తెలిసిపోయింది.

అంగడి శ్రీరంగప్ప ఒకరోజు దారికి అడ్డం వచ్చాడు. ఆయన ఇంట్లో మూడు గరిసెల జొన్నలున్నాయి.

“ఏమప్పా యేసన్నా, ఊరందరికీ నాలికలుండాయి, నాకు లేదా?”

“నీది మంచి నాలికప్పా. పెద్ద నాలిక. అది ఊరికే బాగుందంటాది. నాకు తప్పులు పట్టేటోళ్ళు కావల్ల.”

“నేనూ తప్పు పడతాలే.”

“నువ్వు తక్కెడకాడ చేస్తాండే తప్పులు చాలు” అని యేసన్న నడిచిపోయాడు.

“ఏమిటికన్నా ఆయప్పకు ఇయ్యలేదు?” అని ఓబుళేసు అడిగాడు. “రేపు తినేదానికి మైనమేమిటికి, అదీ చెప్పు. డబ్బా డబ్బా మైనం కరిగిస్తాండావు.”

“నువ్వు రాయప్పా, అడగద్దు. అడిగితే రాత చెడుతాది.”

ప్రదర్శన దగ్గర పడింది. డజను సీసాలు సిద్ధమయ్యాయి. ఒకే ఎత్తు, ఒకే రంగు, వెలుతురుకు పట్టి చూస్తే తేనెలా ఉన్నాయి. దరఖాస్తులో ‘తయారు చేసినవారు’ అన్నచోట ఓబుళేసు ‘యేసన్న’ అని గీతల బయటకు పొర్లేంత పెద్దగా రాశాడు. వాడికి నిద్ర పట్టడం లేదు. జీవితంలో మొదటిసారి ఒక న్యాయం కళ్ళెదుట జరగబోతోంది. రోడ్డు మీదికి పోవడం, లారీలను తిట్టడం కూడా మరిచిపోయాడు.

ఆ వారంలోనే గంజి కేంద్రానికి నూకలు తెచ్చే లారీ రాలేదు. ఒక రోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. పొయ్యి మీద గంజి కాచే డేగిశా బోర్లించి ఉంది.

ప్రదర్శన రోజు పొద్దున్నే ఓబుళేసు ఉతికిన చొక్కా వేసుకుని, బస్సు వేళకు బంగళాకు పరుగెత్తాడు. యేసన్న పెరట్లో కూర్చుని సీసాలు కడుగుతున్నాడు. ఓబుళేసు లెక్కపెట్టాడు. పన్నెండు.

“ఇవేమిటన్నా?”

“ఉప్పెక్కువయిందప్పా. పోటీకి పనికి రాదు.”

“నేను తిన్నా కదన్నా! ఉప్పు సరిగ్గా ఉండాది!”

“నిన్న పన్నెండిండ్లలో చూపిస్తి. ఒకరూ ఒప్పుకోలేదు.”

ఓబుళేసుకు నెత్తురు తలకెక్కింది. “పద్నాలుగేండ్లు కాచుకున్నావే! పద్నాలుగేండ్లు! ఒక్క దినం ఆగలేకపోతివా? ఊరోళ్ళ నాలికలకు భయపడి నీ పేరు నువ్వే తుడిపేసుకుంటివి! ఏ ఇండ్లు అవి? ఎవురు ఒప్పుకోలేదు? నేను పొయ్యి అడుగుతా!”

“ఎప్పుడూ పొయ్యే ఇండ్లే. పుస్తకం నీకాడే ఉండాది కదా, చూసుకో.”

ఓబుళేసు పుస్తకం తెరిచి, అరుస్తూ పేర్లు చదవడం మొదలుపెట్టాడు. తిరుపాలమ్మ. హుస్సేన్‌బీ. కాలు విరిగిన నల్లప్ప. కూలిపోయిన ఇంటి బాలప్ప. నాలుగో పేరుకు అరుపు మాటయింది, ఎనిమిదో పేరుకు మాట గొణుగుడయింది. ఒక్కటంటే ఒక్క పేరు గింజలున్న ఇంటిది లేదు. మూడు నెలలుగా తన చేత్తో తానే రాస్తూ, వాక్యాల అందం చూసుకున్నాడే గాని పేర్లు చూసుకోలేదు. అన్నిటికంటే ఎక్కువసార్లు ఉన్న పేరు సుంకమ్మ.

“మా అమ్మ పేరు...” అని ఆగిపోయాడు.

యేసన్న ఒక సీసాను ఎండకు పట్టి చూశాడు.

సీసాలు పెట్టే పెట్టె ఖాళీగా పక్కన పడి ఉంది. అడుగున గడ్డి, గడ్డి కింద ఒక కాగితం. ఓబుళేసుకు కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేని జబ్బు కదా, తీశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. తన చేతిరాత దాని ముందు కోడి కెలికినట్టుంటుంది. ఇండ్ల పేర్లు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని పక్కన ఒక మాట. ‘తిరుపాలమ్మక్క: అంటు భయం. మైనం వేయల్ల.’ ‘బాలప్ప: అడగడు. తిట్టి ఇయ్యల్ల.’ ‘సుంకమ్మ: పొయ్యి వెలిగి రెండు దినాలు. కొడుక్కు రోషం, గంజికి రాడు. ఏదన్నా రాసే పని చెప్పల్ల.’

ఓబుళేసు ఆ చివరి వరుసను చాలాసేపు చదివాడు. వాడికి కోపం రావాల్సింది. వెతికాడు. ఎప్పుడూ సిద్ధంగా ఉండే కోపం ఆ పొద్దు మాత్రం దొరకలేదు. సాహిత్యమనుకుని మూడు నెలలు రొట్టెలు తిన్న తన మొహం గుర్తొచ్చి నవ్వు మొదలయింది. నవ్వి నవ్వి, ఉతికిన చొక్కాతోనే నేల మీద కూర్చుని సీసాలు కడగసాగాడు.

“సరిగా తోము. అడుగున జిగురుంటాది” అన్నాడు యేసన్న.

ఆ ఏడు వెండి కప్పు నిమ్మకాయ షర్బత్ చేసిన ఎవరికో పోయింది.

జూన్‌లో ఓబుళేసుకు అనంతపురంలో ఒక అచ్చాఫీసులో పని దొరికింది. తల్లిని కూడా వెంటబెట్టుకుని బయలుదేరాడు. బస్సు బంగళా ముందు ఆగుతుంది. యేసన్న మసిగుడ్డ భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ చివరిసారి కలిసింది అప్పుడే.

“ఇన్నాళ్ళూ అడగల్లనుకుంటి. నీకింత చక్కగా చదువొచ్చని ఏమిటికి చెప్పలేదన్నా?” అన్నాడు ఓబుళేసు.

“నువ్వడిగినావా? వంటోన్ని ఉప్పుందా అని అడుగుతారు, కారముందా అని అడుగుతారు. చదువుందా అని ఎవురడుగుతారప్పా?”

బస్సు హారన్ కొట్టింది. సుంకమ్మ అప్పటికే కిటికీ పక్కన సీటు పట్టుకుని కొడుకును పిలుస్తోంది. ఓబుళేసు ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. యేసన్న వాడి చొక్కా పట్టుకుని దగ్గరికి లాగి, ఎవరికైనా వినిపిస్తుందేమోనని అటూ ఇటూ చూసి చెప్పాడు.

“ఇంగోమాట. ఆడ కొత్త ఊళ్ళో ఎవురన్నా పిలిచి తినేకి పెడితే, కిందా మీదా చూడకుండా తిను. ఏమిటికి పెడుతాండావని మాత్రం అడగద్దు. పాపం, సిగ్గుపడతారు.”