పడిన చెట్లతో నడిపిన దుకాణం

మొన్న కరెంటు వాళ్లు తీగలకు అడ్డమొస్తున్నాయని మా వీధిలోని వేపచెట్టు కొమ్మలు కొట్టారు. పచ్చి వేప వాసన వంటింటి దాకా వచ్చింది. మా ఆయన తింటున్న పళ్లెం పక్కకు జరిపి లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఎందుకో నాకు తెలుసు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో వనపర్తిలో మాకొక చిన్న వడ్రంగి దుకాణం ఉండేది. ఎవరికి కావలసిన కొలతల్లో వాళ్లకు మంచాలు, తలుపులు, అల్మారాలు చేసేవాళ్లం. చెక్కేది ఆయన, ఉప్పుకాగితం పట్టి అవిసెనూనె రుద్దేది నేను. ఆయన లింగాల దగ్గర అడవి పక్క ఊళ్లో పుట్టి, చిన్నప్పుడు తిరిగిన గుట్టలు కళ్లముందే బోడి కావడం చూసినవాడు. అందుకని పచ్చని చెట్టు కొట్టి తెచ్చిన కొయ్య ముట్టేవాడు కాదు. గాలివానకు పడిన చెట్లు, సోమశిల వైపు పాత ఇళ్లు విప్పితే వచ్చిన దూలాలు, ఇవే మా సరుకు. దూలం ఏ ఇంటిదో ఆ కథంతా చెప్పకుండా మంచం అమ్మేవాడు కాదు. ఒకసారి పెళ్లి మంచం కోసం వచ్చిన పెద్దామె ఓపిగ్గా అంతా విని, "గా ఇంట్ల ఎందరు సచ్చిన్రో తెల్వదు. దాని మీద మా కొత్త జంట పండాల్నా?" అని లేచిపోయింది. నాకు నవ్వు ఆగలేదు. ఆయన మాత్రం సాయంత్రం దాకా ఆ దూలం వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజుల్లోనే వీపనగండ్ల నుంచి ఒక రైతు వచ్చాడు. కొత్త ఇల్లు కడుతున్నాడట. పొలం గట్టు మీది వేపచెట్టు కొట్టిస్తాడట, దానితో వాకిలికి దర్వాజ చేసివ్వాలట.

"పచ్చని చెట్టు నేను ముట్టనన్నా. అదే పడితే చెప్పు, వస్త" అన్నాడు మా ఆయన.

రైతు తలూపి వెళ్లాడు. మేము మరిచిపోయాం. మరుసటి వానాకాలం దాటాక సంతోషంగా వచ్చి, గాలికి చెట్టు పడిందన్నాడు. మొద్దు చూస్తే అప్పటికే బాగా ఎండి ఉంది. పడి చాన్నాళ్లయిందేమో అనుకున్నాం. ఆయన చేసిన వాటిలో అంత మంచి పని మరొకటి లేదు. దర్వాజ పైని అడ్డకమ్మీ నిండా పూలతీగలు చెక్కాడు. నూనె పెట్టాక తేనెరంగు తేలింది.

దర్వాజ నిలబెట్టిన రోజు గడపకు పసుపు కుంకుమలు పెట్టి, మా ఇద్దరికీ కొత్త బట్టలు పెట్టి, భోజనానికి కూర్చోబెట్టారు. రైతు తల్లి వడ్డిస్తూ, మమ్మల్ని సంతోషపెట్టాలనే చెప్పింది.

"నీ నియమం తప్పలే బిడ్డా. చెట్టును నరకలే. మొదట్ల చుట్టూత బెరడు చెక్కి ఇడిసిపెట్టినం. ఏడాదంత ఎండి ఎండి, గాలికి అదే పడ్డది."

ఆమె ముఖంలో ఏ కల్మషమూ లేదు. మా మాటకు అంత విలువిచ్చినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఆయన చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు. బస్సులో వనపర్తి చేరబోతుండగా నోరు తెరిచాడు.

"నేను సరేనంటే చెట్టు ఒక్క పూటల పోతుండె. నా మాటకు దాన్ని ఏడాది సంపిన్రు."

"మనకు తెల్వదు గద" అన్నాను.

"తెల్వదు" అని కిటికీ వైపు తిరిగాడు.

తర్వాత ఎవరు మొద్దు తెచ్చినా బెరడు చెక్కారేమోనని వాళ్ల ఊరికి పోయి మొదలూ వేళ్లూ చూసి వచ్చేవాడు. నిజంగా గాలికి పడిన చెట్లను కూడా నమ్మలేక వద్దనేవాడు. వేప దర్వాజ అందం చుట్టుపక్కల ఊళ్లకు పాకింది, ఆ చెట్టు పడిన తీరు కూడా దాని వెంటే పాకింది. ఇంకో ఇద్దరు ముగ్గురు రైతులు తమ చెట్లకు బెరడు చెక్కించారని విన్న రోజు ఆయన పని ఆపేశాడు. పనిముట్లు గద్వాలలో ఉన్న మా మరిదికి ఇచ్చేసి, ఒక షోరూంలో ఫ్యాక్టరీ మంచాలకు మరలు బిగించే పనికి కుదిరాడు. మళ్లీ పెడదామా అని చాలాసార్లు అడిగాను.

"కొట్టుకరమ్మంటే కొడ్తరు. పడ్డదే తెమ్మంటే పడగొడ్తరు. ఇగ ఏమని చెప్పి పెట్టాలె?" అన్నాడొకసారి.

దుకాణం నడిపిన కాలం కన్నా అది మూతపడ్డాక గడిచిన కాలమే ఇప్పుడు చాలా ఎక్కువ. అయినా వెనక్కి తిరిగి చూస్తే మేం బతికిన కాలంగా కనబడేది ఆ కొద్ది సంవత్సరాలే. మిగతాది ఊరికే గడిచింది.