దారి కోసం అప్పీలు

పోయిన నెల మా మేనత్త కన్నుమూసింది. కబురు వచ్చేసరికి నేను చిత్తూరు కోర్టులో ఉన్నాను. వకీలుగా నేను వేసిన ఆమె అప్పీలు ఇంకా వాదనకు రాలేదు.

కాణిపాకం దగ్గరి పల్లెలో ఆమె ఇంటి ముందు మరిది గోడ కట్టాడు. స్థలం తనదన్నాడు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ నడిచిన దారి పోయి, పశువుల కొట్టం పక్కన ఒక మనిషి ఒరుసుకుంటూ దూరే సందు మిగిలింది. అత్త దావా వేసింది. ఆ సందు చాలని కోర్టు కొట్టేసింది. తీర్పు వచ్చిన కొన్నాళ్లకే అదే సందులో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది.

నెలలోగా అప్పీలు వేయాలి. తీర్పుకూ డిక్రీకీ కోర్టు ముద్ర వేసిన నకళ్లు తీసుకోవాలి, వకాల్తా మీద ఆమె సంతకం ఉండాలి. వచ్చి సంతకం పెట్టమని పాత వకీలు కబురు పంపితే, లేవలేక ఊరుకుంది. నాకు తెలిసేసరికి గడువు దాటిపోయింది. ఇక ఆలస్యాన్ని మన్నించమని అప్పీలుతో పాటు పిటిషన్ వేయాలి, కారణాన్ని ప్రమాణం చేసి చెప్పాలి. డాక్టరు కాగితం చాలనుకున్నాను.

“కాలు ఇరిగిందని మాత్రం రాస్తే, బాగైనాక ఆ సందులోనే పొమ్మంటారు పాపా. దోవ లేక పడినానని రాయి,” అంది అత్త.

అలాగే రాశాను. చదివి వినిపిస్తే మరిది గురించిన ఒక కటువైన మాట తీసేయమంది. “వాడు పసోడుగా ఉన్నప్పుడు జొరమొస్తే ఒళ్లో ఏసుకోని కూసున్నదాన్ని నేను.”

సంతకం పెట్టే ముందు తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టించుకుంది, కోర్టుకు బయల్దేరినట్టే.

మరిది వకీలు అడ్డుచెప్పినా జడ్జి ఆలస్యాన్ని మన్నించారు. అప్పీలుకు నంబరు పడింది. ఆ మాట చెబితే, గోడ ఎప్పుడు తీస్తారని అడిగింది. ఇది వినడానికి ఒప్పుకోవడం మాత్రమేనన్నాను.

“అంటే ఇంగా ఇన్లేదు,” అని అటు తిరిగి పడుకుంది.

ఆమె పోయిన రోజు పాడె ఆ సందులో పట్టలేదు. ఎత్తినవాళ్లు గోడ దగ్గర నిలబడిపోయారు. అవతలి నుంచి మరిది గొంతు వినిపించింది.

“ఇట్లా పైనించి అందీండప్పా.”

రెండు చేతులూ చాచి అందుకున్నాడు. శ్మశానం దాకా భుజం మార్చుకోలేదు. గోడ గురించి మాత్రం ఏమీ అనలేదు.

కర్మ అయ్యాక, ఆ ఇంట్లోనే ఉన్న అత్త కూతురి దగ్గరికి వెళ్లాను. తల్లి స్థానంలో ఆమెను చేర్చమని గడువులోగా పిటిషన్ వేయకపోతే అప్పీలు అక్కడితో ఆగిపోతుంది. ఆమె సంతకం చేసింది. కాగితాలు తీసుకుని బయటికి వచ్చాను. గోడ మీద పాడె ఒరుసుకున్న చోట, గరుకు సిమెంటులో చిక్కుకుని బంతిపూల రెక్కలు కొన్ని ఎండిపోయి ఉన్నాయి.