దయ్యాల అరలో నా నవల

ఆ రోజుల్లో పటాన్‌చెరులో ఫ్యాక్టరీల కంపు పీలుస్తూ కూడా మనిషి సాహిత్యం గురించి బాధపడగలిగేవాడు. నేనైతే బాగా బాధపడేవాణ్ని. డ్యూటీలో మందుల డ్రమ్ములకు లేబుళ్లు అంటించడం, సెలవు రోజున డిటెక్టివ్ నవలలు చదివేవాళ్లను చూసి జాలిపడటం, ఇవే నా పనులు. (వాళ్లూ నన్ను చూసి జాలిపడేవాళ్లని తర్వాత తెలిసింది.) ఆ ఊపులో నేనే ఒక నవల రాసి, కలం పేరుతో అచ్చు వేయించాను. పేరు ‘ఎవరూ లేని ఇల్లు’. అందులో ఒక కుర్రాడు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, జీవితానికి అర్థమేమిటా అని ఆలోచిస్తాడు. చివరిదాకా అంతే. ఒక్కరంటే ఒక్కరు దాన్ని పూర్తిగా చదివితే చాలు, నా బతుకు ధన్యమైపోతుందనుకున్నాను.

బస్టాండు దగ్గర పుస్తకాలు కిరాయికిస్తూ, పక్కనే అగరుబత్తీలు కూడా అమ్మే మామ ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర డిటెక్టివ్, ప్రేమ, దయ్యాలు అని మూడే అరలు. నా నవల దయ్యాల అరలో కనబడేసరికి ప్రాణం ఉసూరుమంది.

“మామా, ఇది సాహిత్యం! దీంట్ల దయ్యం లేదు.”

“ఎవరూ లేని ఇంట్ల దయ్యం గాక ఇంకేముంటది? ఊకో.”

“సాహిత్యానికి వేరే అర పెట్టరాదే!”

“ఒక్క బుక్కుకు అరేందిరా? అగరుబత్తీలు యాడ పెట్టుకోవాలె?”

ఇక దాన్ని ఎవరూ ముట్టరని ఆశ వదిలేసుకున్నాక, మా పక్క పోర్షన్ అక్క చేతిలో అది కనిపించింది! బియ్యం ఏరుతూ చదివేది, కుక్కర్ విజిల్ కోసం చూస్తూ చదివేది. ఆ ఆత్రంలో నేను డ్యూటీలో లేబుళ్లు తలకిందులుగా అంటించి సూపర్‌వైజర్‌తో చీవాట్లు తిన్నాను. చివరికి ఆమె పుస్తకం మూసిన రోజు, నీళ్ల పంపు దగ్గర ఏమీ ఎరగనట్టు అడిగాను.

“ఎట్లుందక్కా?”

“ఏం చెప్పాలె తమ్మీ! ఇప్పుడొస్తది దయ్యం, ఇగొస్తది దయ్యం అని ఆఖరుదాంక చదివిన. రానే లేదు! ఆ పోరడేమో కుర్చీలకెళ్లి లేవడు. ఎవడు రాసిండో గని, పాపం, వానికి జెర అన్నం పెట్టేటోళ్లు లేరేమో!”

నాకున్న ఏకైక పాఠకురాలు బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ తర్వాత మళ్లీ నవల జోలికి పోలేదు.

మొన్న అటక దులుపుతుంటే ఆ పుస్తకం దొరికింది. చదవడం మొదలుపెట్టాను. సగం దాటేసరికి, నిజం చెప్పొద్దూ, నేనూ దయ్యం కోసమే ఎదురుచూశాను. రాలేదు. కుర్చీలో ఆ కుర్రాడు మాత్రం అలాగే కూర్చుని ఉన్నాడు. పాపం, వాడికి ఎవరైనా ఇంత అన్నం పెట్టి ఉంటే బాగుండేది.